చేదు కొస

కార్న్‌వాల్‌లో ఓ చిన్న రేవు. ఆటు వేళ.
పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి.
మూడు పౌండ్లకు చీటీ చింపి
పాత ఓడ ఎక్కించింది లవ్‌డే నాన్‌కారో.
"బిటర్ ఎండ్ అంటే ఏమనుకుంటున్నావు?"

చేదు కొస, అన్నాను.
కషాయం గిన్నెలో అడుగున మిగిలేది.
చచ్చేదాకా, ఓడేదాకా, అలాంటిదేదో.

ఆవిడ నవ్వలేదు.
డెక్కు మీది దుంగను బూటుతో తన్నింది.
మోకాలెత్తు ఓక్ మొద్దు,
తాళ్ళు ఒరిసి ఒరిసి నడుము సన్నబడింది.
"ఇదీ బిట్.
లంగరు తాడు దీనికి చుడతారు.
ముందుకు పోయేది సముద్రానిది.
వెనక, ఓడలో మిగిలేది బిటర్ ఎండ్.
చేదూ లేదు గీదూ లేదు."

వాళ్ళ తాత జేగో, నైరుతి గాలి రాత్రి,
ఇరవై బారలు వదిలాడట, ఇంకో ఇరవై
(బారంటే వాళ్ళకీ చాపిన రెండు చేతులే),
లంగరుకి పట్టు దొరకలేదు.
తాడు సరసరా పోయి పోయి
ఎర్ర పేలిక కట్టిన చోటు బయటికొచ్చింది.
ఇక ఏడు బారలే.
తెల్లారేదాకా అవే పట్టుకున్నాయి.

మిగతా తాడు పట్టుకోలేదా, అన్నాను.
"పట్టుకుంది. పేరు మాత్రం దీనికొచ్చింది.
ఎప్పుడూ తడవని ముక్క కదా,
ఉప్పు తెలీదు, రాయి తెలీదు,
అడుగు గదిలో చుట్టగా నిద్రపోయేది.
ముందు భాగం ముసలిదయ్యాక
తాడు తిరగేసి కట్టేవాళ్ళు,
అప్పుడు దీనికి మొదలు."

చర్చి గురువు ఒప్పుకోడట.
అది నోటి చేదేనంటాడట.
పదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

నాకో మాట చెప్పాలనిపించింది:
మా భాషలో చేదడమంటే
తాడు పట్టి నీళ్ళు పైకి లాగడం.
చేద, చేంతాడు, చేదబావి.
నాలుక్కి తగిలేదీ అరచేతికి తగిలేదీ
ఒకే మాట, రెండు పనులు.
ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో చిక్కుపడ్డాను.
చేతులతో లాగి చూపించాను,
ఒకటి, రెండు, మూడు,
లేని బావిలోంచి లేని బిందె.

ఏమర్థమైందో,
చుట్టలోంచి ఓ కొస తీసి చేతిలో పెట్టింది.
ఇంకా లేత గడ్డి రంగు. తారు వాసన.
ఆవిడ అటు తిరిగి
ఇంకెవరికో చీటీ చింపుతుంటే
వేలు నాకి చూశాను.

గురువుగారికి చెప్పకండి,
కొంచెం చేదుగానే ఉంది.