ధూపాను

మొన్న మార్కెట్ కమిటీ సెక్రెటరీ
కాటా రిజిస్టరులో ఎర్రసిరాతో సున్నా చుట్టి
"తుపాను అని సరిగ్గా రాయడం రాదా?" అన్నాడు.
రాక కాదు సార్.
ఆ రోజు వచ్చింది తుపాను కాదు.

ఆదోని యార్డులో ఇరవై రెండేండ్లుగా
పత్తి తూకం రాస్తున్నవాణ్ణి.
తేమ ఎంత, తరుగు ఎంత, ఆలస్యం ఎందుకు.
ఆ చివరి గడంటే నాకిష్టం,
మనిషి మాట పట్టేంత చోటుంటుంది.

అది మాఘమాసం.
ముడుచుకోవాల్సిన పొద్దు
రోహిణి కార్తె మాదిరి నెత్తినెక్కి కూర్చుంది.
నేలంతా పత్తి.
ఆ తెలుపు చూడలేక కుక్కలు కండ్లు మూసుకున్నాయి.

బోరాల మీద నిలబడి ఖాజామొద్దీన్
"ధూప్! ధూప్ ఉందప్పా, ఇంకా పరచండి!"
గేటుకాడ పడమర చూసి ఉరుకుందు
"తుపాను! పట్టలు కప్పండ్రోయ్!"
ఇద్దరూ మేస్త్రీలే. ఇద్దరివీ పెద్ద గొంతులే.
ఇద్దరి మాటా నిజమే అయింది,
ఎండ తగ్గకుండానే వాన దిగింది.
కుక్కకూ నక్కకూ పెండ్లి అంటారే, ఆ వాన కాదు.
గంటన్నర కొట్టింది.

నడుమ ఊడుస్తున్న బజారమ్మకు
ఎడమచెవి చిన్నప్పుడే పోయింది.
ఉన్న ఒక్క చెవిలో
రెండు కేకలూ ఒకేసారి దూరి ఇరుక్కున్నాయి.
చీపురు పారేసి అరిచింది:
"ధూపానంట! ధూపాను వచ్చెనంట!"

హమాలీలు పడీపడీ నవ్వినారు.
నవ్విన వాళ్లలో రైతులు లేరు.

ఆ సాయంత్రం ఆలస్యం గడిలో
ఏం రాయాలో తోచక అదే రాసినాను.

తర్వాత మాటకు కాళ్లొచ్చినాయి.
టీకొట్టుకాడికి పోయింది, ఆలూరు బస్సెక్కింది.
చెప్పకుండా దిగే అల్లుడు ధూపాను,
బాకీ అడగని సావుకారి నవ్వు ధూపాను.
పత్తికొండలో ఒకాయన అది మా ఊరి మాటే అంటాడు.
"ధూ" నాదని ఖాజా, "పాను" నాదని ఉరుకుందు,
టీ డబ్బులు ఎవరివో ఇప్పటికీ తేలలేదు.
బజారమ్మను ఎవరూ అడగరు.
నేనడిగితే,
"నేను పుట్టించేదేందప్పా, ఇన్నది అన్నా" అంది.

గోడమీది పంచాంగంలో ఇరవై ఏడు కార్తెలు,
ఒక్కోదానికి ఒక్కో సామెత.
దీనికింకా సామెత కుదరలేదు.
నా రిజిస్టరులో మాత్రం
మొదటి ఏడు ఒకటి,
నిరుడు నాలుగు,
ఈ ఏడు ఇప్పటికే ఆరు,
మాఘం ఇంకా రానే లేదు.

సారు సున్నా చుట్టిన మాట పక్కనే
మళ్లీ రాసినాను,
ధూ కింద వొత్తు గట్టిగా నొక్కి,
కార్బన్ కాగితం అడుగున కూడా పడేట్టు.