అమ్ములు = 41

సీసలి చెరువుగట్టు మీద రేకుల షెడ్డు.
రాత్రి రెండూ యాభై.
పదహారు ఏరేటర్లలో నాలుగే తిరుగుతున్నాయి.
చెక్కబల్ల చివర్నించి ఓలేటి సింహాద్రి కేక:
"తేలుతున్నాయండీ మేడమ్! మీసాలు పైకెట్టేసి
గట్టువారకి వచ్చేత్తన్నాయి!"
చేతిమీటరు ముంచి చూశాడు.
రెండు పాయింట్ ఏడు.
నా తెర మీద మాత్రం ఆక్సిజన్
ఆరు పాయింట్ నాలుగు.
తెర లెక్కన రొయ్యలు హాయిగా నిద్రపోతున్నాయి.

ఈ పెట్టె బిగించిన రోజే రాజుగారు
చేత్తో వేసే స్టార్టర్లు పీకించేశారు.
గోడవార తుప్పు పడుతున్నాయి,
ఒకదాంట్లో బల్లి గుడ్లు పెట్టింది.
ప్రోగ్రామ్‌ని చంపి మళ్లీ లేపుదామా అంటే
లేస్తూనే అది ఉన్న నాలుగూ ఆర్పేస్తుంది,
ఇరవై నిమిషాలు తన ఒళ్లు తానే తడుముకుంటుంది.
రొయ్యకి ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ.

చంపకుండా ఆపాలి.
నడుస్తున్నదాన్ని, ఎత్తిన కాలు ఇంకా దించకముందే.

ఒక వరుస పక్కన ఎర్రచుక్క పెట్టి కూచున్నాను.
వచ్చింది. ఆగింది.
తొంభై సెకన్లే గడువు,
అంతకు మించి పట్టుకుంటే కాపలా టైమరు
పీనుగనుకుని మొత్తం తిరగేస్తుంది.

లోపలికి తొంగిచూశాను.
పిలిస్తే పుట్టి, పని ముగిస్తే పోయే పేర్లు,
పక్క ఫంక్షన్‌కి కూడా తెలియనివి:

రీడింగు = 6.4
పాతరీడింగు = 6.4
తేడా = 0

ఒక మెట్టు పైకెక్కాను, దీన్ని పిలిచినదాంట్లోకి.
అది రాత్రంతా గానుగలా తిరుగుతూనే ఉంటుంది,
దాని పేర్లింకా బతికే ఉన్నాయి.
అక్కడ, అడుగున:

అమ్ములు = 41

నాకు ముందు ఈ పని చేసి మానేసినవాడు పెట్టిన పేరు.
కూతురో, మేనకోడలో, మేకపిల్లో.
తేడా సున్నా వచ్చిన ప్రతిసారీ
ఒకటి కలుపుకుంటూ పోతోంది అమ్ములు.
పది నిమిషాలకొకటి. రాత్రి ఎనిమిది నుంచీ.
మొత్తం వెతికితే దాన్ని పెంచే వరుస ఒకటుంది,
ఎంతయిందమ్మా అని అడిగే వరుస
ఎక్కడా లేదు.

డెబ్బై సెకన్లు.
కిందికి దిగి, రీడింగు మీది 6.4 కొట్టేసి
సింహాద్రి గొంతులోంచి వచ్చిన 2.7 పెట్టాను.
పో, అన్నాను.
టక్. టక్. టక్. రిలేలు పడ్డాయి.
చీకట్లో ఒక్కో చక్రమే నీళ్లు చిమ్మడం మొదలెట్టింది.

ఫంక్షన్ ముగిసింది. నేను పెట్టిన అంకె పోయింది.
పది నిమిషాలకి మళ్లీ అదే ఆరు పాయింట్ నాలుగు,
మళ్లీ ఎర్రచుక్క, మళ్లీ కేక,
రెండు పాయింట్ తొమ్మిది. మూడు.
ఒకసారి ఆయనకి దగ్గొచ్చింది,
మూడున్నరో మూడూ నాలుగో వినపడలేదు,
మళ్లీ అడిగి కొట్టేసరికి ఎనభై నాలుగో సెకను.
ఇలా పందొమ్మిది సార్లు.

తెల్లవారాక సెన్సార్ పైకి లాగాడు.
దాని మూతికి పాకుడు,
పాకుడులో గోరంత నత్త.
తువ్వాలుతో తుడిచి, నత్తని మళ్లీ నీళ్లలో వేశాడు.

"రాత్రంతా ఏం రాశారండీ?"
చూపిద్దామని లాగ్ తెరిచాను. పైనుంచి కిందిదాకా
6.4, 6.4, 6.4.
ఆయన మేతసంచి ముక్క ఒకటి తీశాడు:
బాల్‌పెన్నుతో పందొమ్మిది అంకెలు,
ఒకచోట కొట్టేసి దిద్దిన 3.5.

పదింటికి ఒక వరుస కలిపాను:
అమ్ములు మూడు దాటితే గంట కొట్టాలి.
పేరు మార్చలేదు.
పరీక్షకని ఒకసారి మోగించాను.
గట్టు మీది కొంగలు లేచిపోయాయి.
బస్తాల మీద నిద్రపోతున్న సింహాద్రి
మీటరు పట్టుకుని నీళ్లకేసి పరుగెత్తాడు.