మూడో గుంపు

ఎర్జురుమ్‌లో మార్చి అంటే ఇంకా మంచే.
పశువైద్య కళాశాల రెండో అంతస్తులో
హీటరుకి వీపు ఆనించి
నెస్రిన్ ఎలుకల కార్జాలు చూస్తోంది.

గాజుపలక మీద గోరంత ముక్క,
ఉల్లిపొర కన్నా పలచన.
గులాబీరంగు కణం ఒళ్లు,
ఊదారంగు దాని కన్ను.

మొదటి గుంపుకి ఆలివ్ నూనె తప్ప ఏమీ పోయలేదు.
నాట్లు వేసిన మడిలా కణాలు, చాలు తప్పకుండా.
రెండో గుంపుకి అదే నూనెలో కార్బన్ టెట్రాక్లోరైడు.
నడిమి సిర చుట్టూ మడి మునిగింది.
కణాల నిండా కొవ్వుబొట్లు,
చాలా కళ్లు మూతపడ్డాయి.

ఆ వాసన ఆమెకి ఇక్కడ పరిచయమైంది కాదు.
తియ్యగా, కొంచెం తల తిరిగేలా
చిన్నప్పుడు నాన్న కోటులోంచి వచ్చేది.
స్టేషను వెనక రుష్తూ డ్రై క్లీనింగు కొట్టు,
పెళ్లికొడుకుల సూట్లు, సైనికుల బరువు కోట్లు.
మరకంటే ఆయనకి పగ.
కిటికీ తెరిస్తే వెచ్చదనం పోతుందని
ముప్పై చలికాలాలు
మూసిన గదిలోనే ఉతికాడు.

ఆ ద్రవం నేరుగా చంపదు.
ఇంట్లోకి చొరబడిన చెత్తనుకుని
కాలేయమే దాన్ని విరిచి ఊడ్చబోతుంది.
విరిగిన పెంకు ఊడ్చే చేతికే గుచ్చుకుంటుంది.
జత తప్పిన ఎలక్ట్రానుతో ఆ ముక్క
కణం గోడని కరుస్తుంది,
కరిపించుకున్నది పక్కదాన్ని కరుస్తుంది,
పిచ్చికుక్క తిరిగిన వీధిలా.

మూడో గుంపుకి
విషానికి ముందు వారం రోజులు
నూనెలో విటమిన్ ఇ, నీళ్లలో విటమిన్ సి.
ఇ గోడలోనే కాపు కాసి
కాటు తన మీద వేసుకుంటుంది.
సి వచ్చి దాన్ని లేపి నిలబెడుతుంది,
తాను ఖర్చైపోతూ.

నూరు కణాలకి
రెండో గుంపులో అరవైమూడు చచ్చాయి.
మూడో గుంపులో ఇరవై ఎనిమిది.
సున్నా కాదు.
మళ్లీ లెక్కపెట్టింది.
మూడోసారి, ఏ గుంపుదో తనకే తెలియకుండా
పలకల అంకెల మీద కాగితం అంటించి.

ఇంట్లో పొయ్యి మీద
అడవిగులాబీ కాయలు మరుగుతున్నాయి.
రుష్తూ కంట్లో తెల్లగుడ్డు పచ్చబడింది.
గ్లాసు పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి.
"మీ ఎలుకలు తాగిన మందు ఇందులో ఉందటగా?"

ఉంది నాన్నా, కొంత.
కానీ వాటికి ముందే ఇచ్చాం.
అవి నీ అరచేతిలో పడుకుంటాయి.
వాటి విషం ఒక్క పూట.
ఇవేవీ అనలేదు.
"వేడిగా ఉంది, ఊదుకుని తాగు."

ఇక్కడ ముద్దొచ్చిన బిడ్డని
నా కార్జం మూల అంటారు.
ఆయన ఇప్పటికీ అలాగే పిలుస్తాడు,
చెయ్యి పక్కటెముకల కింద నొక్కి పెట్టుకుని,
ఆ మూల ఇంకా ఉందో లేదో
తడుముకుంటున్నట్టు.

రాత్రి నివేదిక రాసింది.
కాలేయాన్ని రక్షిస్తుంది, అని కొట్టి
కాసేపు చూసి చెరిపేసింది.
రక్షించవచ్చు.
ఆ చిన్న వచ్చు దగ్గర
చాలాసేపు కూర్చుంది.

పొద్దున్నే కాలేజీకి పోతూ కొట్టు దగ్గర దిగింది.
ఇప్పుడు వాడేది వేరే ద్రవం,
వాసన తక్కువ, నమ్మకమూ తక్కువే.
పంతొమ్మిదేళ్ల తైలాన్ ఆవిరి మధ్య ఈల వేస్తూ
కాలరు రుద్దుతున్నాడు.
గడ్డకట్టిన కిటికీని భుజంతో తోసి
సందులో చెక్క హ్యాంగరు ఇరికించింది.

"అక్కా, వెచ్చదనమంతా పోతుంది!"

"పోనీ."