ఒక్కటే తపాల

పొద్దున నాలుగున్నరకు డిపోకు పోతూ
గిన్నెల పిడికెడు శెనగపప్పు నానబెట్టి పోయిన.
అది ఇంటికి మాట ఇచ్చినట్టే.
దేవరకొండ నుంచి నల్లగొండ, నల్లగొండ నుంచి దేవరకొండ
పొద్దంత ఆ మాట నా సీటు పక్కనే కూసోని తిరిగింది.

కొండమల్లేపల్లి కాడ ఒకామె
మెంతికూర మూట నా కాళ్ల మీదనే దించింది.
జీరో టికెట్లు కొట్టీ కొట్టీ బొటనవేలు మొద్దుబారింది.
చిల్లర లేదన్నోని మీద గుర్రంపోడు దాక అరిచిన.
అరిచినంక ఆకలైంది.

ఇల్లు చేరేసరికి ఏడున్నర.
సోషల్ పుస్తకం మీద చెంప ఆనిచ్చి మైత్రి నిద్ర.
చిన్నోడేమో మూలమీది బండి కాడి ఎగ్ నూడుల్సే కావాలంటడు.
"ఇయ్యాల గూడ చారేనా?" అత్త మంచం మీద నుంచే.
సైదులు ఏ ఊరి స్తంభమెక్కిండో,
ఇంట్ల మరిచిపోయిన ఆయన రెండో ఫోను మోగుతనే ఉన్నది:
కరెంటు ఎప్పుడొస్తది, కరెంటు ఎప్పుడొస్తది.

బియ్యప్పిండిల ఉప్పు, కారం, నువ్వులు,
సన్నగ తరిగిన ఉల్లాకు,
ఉబ్బి ఎదురుచూస్తున్న పప్పు.
వేడినీళ్లు పోసి కలుపుతుంటె
నోట్ల వాసన వదిలింది చేతిని.

తపాల అడుగున నూనె రాసి
ముద్దను అంచుల దాక ఒత్తుకుంట పోవాలె.
పల్చనైతే మాడుతది, మందమైతే లోపల పచ్చి.
కొత్తల అత్త చెప్పింది ఒక్కటే ముక్క:
"నీ వేలికి తపాల తెలవాలె,
తపాలకు నీ వేలు తెలవొద్దు."
ఇప్పటికీ సగమే అర్థమైంది నాకు.

నడిమిట్ల ఒకటి, చుట్టూ ఆరు,
వెనకటి టికెట్లకు బొక్కలు కొట్టినట్టు
వేలితోని పొడిచి, బొక్కకో నూనె చుక్క.
మూత. సన్న మంట.
ఇగ దీన్ని ఎవరూ తొందరపెట్టలేరు.
డిపో మేనేజర్ వచ్చినా సరే, పావుగంట పావుగంటే.

తపాల ఒక్కటే.
ఒకటి కాలినంక బోర్లేసి నీళ్లు చల్లాలె,
చుయ్యిమని అరిచి చల్లారాలె,
అప్పుడే రెండోది.
అందుకే మా ఇంట్ల తపాల చెక్క పూట
అందరు కలిసి తిన్నది లేదు.
మొదటిది చిన్నోనికి, రెండోది మైత్రికి,
మూడోదాని మెత్తని నడుమ పెరుగుల నాని అత్తకు,
ఎప్పుడొస్తడో తెలవని మనిషికి నాలుగోది.
నాకు అడుగున గీకిన పొక్కులు, నిలబడే.
రెండొందలు పెడితె ఇంకో తపాల వస్తది.
ప్రతి జీతానికి అనుకుంట.
కొనలే. ఎందుకో అడగకుండ్రి.

ఇయ్యాల మూత పెట్టి గోడకు ఒరిగిన.
అంతే తెలుసు.

కళ్లు తెరిస్తె ఇల్లంత చీకటి, ఫోను వెలుగు.
లైన్‌మెన్ ఇంట్లనే కరెంటు లేదు.
మొదటి చెక్క పళ్లెంల ఉన్నది, ముట్టకుండ, గుండ్రంగ.
పొయ్యి కాడ సైదులు,
చొక్కా గూడ విప్పలే, రెండోది ఒత్తుతున్నడు.
బొక్కలా అవి? స్తంభాలు పాతే గుంతలు!
ఒక్కో దాంట్ల చెంచెడు నూనె మడుగు కట్టింది.
"పదకొండు," చిన్నోడు లెక్కపెట్టిండు.
"మందం, మందం," అత్త.

మొదటిదాన్ని అయిదు ముక్కలు చేసినం.
అంచు విరిగిన చప్పుడు అయిదు నోళ్లల్ల ఒక్కసారే.
నూడుల్స్ మాట ఎత్తలేదు వాడు.
రెండోది లోపల పచ్చి.
అత్త తప్ప ఎవ్వరూ అనలే.

తెల్లారి రెండో ట్రిప్పు, కనగల్ దాటినంక
బస్సు కొంచెం ఖాళీ అయింది.
సంచిల నుంచి కాగితం విప్పిన.
చల్లగ గట్టిపడ్డ ముక్క, అందుల ఆయన బొక్క ఒకటి.
ఎవరూ చూడట్లేదని
నా వేలు పెట్టి చూసిన.

వదులుగున్నది.