కూత

రాయవేలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది:
"ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెడతావు?"
యుగంధర్ మొదలుపెట్టినాడు.
పదకొండు దగ్గర గొంతు
నూలుపోగు మాదిరి తెగింది.
పోయిన ఆడికృత్తికకు పద్నాలుగు.
ఆమె కాగితం మీద రాసుకునింది.
నేను అరచేతిలో రాసుకున్నా,
బెల్లం మూటలెత్తి కాయలు కాసిన చోట.

ఒకప్పుడు నేనూ ఊపిరితో ఆడినోణ్ణే.
మురకంబట్టు బయల్లో చెడుగుడు.
ముగ్గురు కాళ్లు పట్టి ఈడుస్తున్నా
కూత తెగనిచ్చేవాణ్ణి కాదు.
ఒక్క వేలు గీతకు తగిలితే చాలు,
బతికినట్టే.
ఆ ఊపిరంతా యాడ పారేసుకున్నానో.

"ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి" అనింది డాక్టరమ్మ.
అంటే తిత్తి మంచిదే,
కొలిమి ఊదే చెయ్యి అలిసిపోయింది.
మొదట పిక్కలు, తర్వాత భుజాలు,
ఇప్పుడు పక్కటెముకల కింద
ఎవురికీ కనబడని ఆ కండ.

తెల్లారితే తలనొప్పి అనేవాడు.
ఎండ అనుకున్నాం, కళ్లద్దాలు అనుకున్నాం.
కూర్చున్న చోటే కునుకు తీస్తే
సోమరిపోతని వాళ్లమ్మ తిట్టింది.
ఆ తిట్టును ఆమె ఇంకా
మింగలేక నములుతా ఉంది.

ఇప్పుడు రాత్రిళ్లు ముక్కుకు మాస్కు.
గిరింపేట సందులో, రేకుల కింద,
మిషను గాలి తోస్తుంది, ఆగుతుంది, తోస్తుంది.
కరెంటు పోతే ఇన్వర్టరు కూత పెడుతుంది.
అంతకుముందే నేను లేచి కూర్చుని ఉంటా.

వాడు మాటల్ని చిల్లర మాదిరి ఏరుకుంటాడు.
"నీళ్లు" అంటాడు. "కావాలి" అనడు.
నన్ను ఎగతాళి చేసేదానికి మాత్రం
ఎంతైనా ఖర్చుపెడతాడు.

నిన్న రాత్రి మాస్కు తియ్యమని సైగ చేసి
"నువ్వు... లెక్కపెట్టు... నాయనా" అన్నాడు.
ఛాతీ నిండా పీల్చి మొదలుపెట్టినా.
ముప్పై ఒకటి కాడ బీడీల దగ్గు అడ్డమొచ్చింది.
"అవుట్."
నవ్వినాడు.
ఆ నవ్వుకు ఆరు ఊపిర్లు పోయినాయి.
నేను మాస్కు బిగిస్తా ఉంటే
కళ్లు మాత్రం ఇంకా ఆటలోనే ఉన్నాయి.

పట్టీ సరిచేసి దీపం ఆర్పబోతుంటే
చెయ్యి మంచం అంచుకు జరపమన్నాడు,
కళ్లతోనే.
జరిపినా.
చూపుడువేలు పట్టెకు తగిలేదాకా.