తడి గీత

పోర్ట్ విలా నుంచి పడవలో రెండు రాత్రులు
రంగు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.
ఆంబ్రిమ్ దీవిలో ఇసుక నల్లగా ఉంటుందని
ఎవరూ చెప్పలేదు.
అగ్నిపర్వతం రాల్చిన బూడిద,
జల్లించిన బొగ్గుపొడిలా, కాలికి వెచ్చగా.

పోయినేడు తుపానుకు బడి పైకప్పు ఎగిరిపోతే
నీలం టార్పాలిన్ కట్టారు.
దాని కింద పిల్లల ముఖాలన్నీ
నీళ్ళ అడుగున ఉన్నట్టు.
కాగితాలు ఎగరకుండా కొబ్బరికాయల బరువు.
ఖాళీ చేపల డబ్బాల్లో రంగులు.
కుంచెలు ఇరవై నాలుగు, లెక్కపెట్టి ఇచ్చాను,
లెక్కపెట్టి తీసుకోవాలి.

బుబు మసెంగ్ కాగితం వైపే చూడలేదు.
గుమ్మం బయట గొంతుకు కూర్చుని
అరచేత్తో నేల చదును చేసి, గళ్ళు గీసి
ఒక మూల వేలు ఆన్చాడు.
"కొంగ ఒకటి ఉండేది. దీవి ఎంతుందో కొలుద్దామని బయల్దేరింది."
వేలు బయల్దేరింది.
పీత బొరియ దగ్గర దారికి మలుపు, కథకూ మలుపు.
పగడపు దిబ్బ మీద అల విరిగే చోట
కొంగకు దాహమేసింది, తాత దగ్గాడు,
వేలు మాత్రం లేవలేదు.
చివరికి తన మొదటి అడుగే తనకు కనిపించి
"ఇక్కడెవరో ఉన్నారే!" అని కొంగ నివ్వెరపోయిన చోట
గీత వచ్చి గీతను కలిసింది.
చూద్దుము కదా, నేల మీద కొంగ.

మధ్యలో వేలెత్తితే? అడిగాను.
"అక్కడే ఉండిపోతుంది.
దానికి రోజూ తిండి ఎవరు పెడతారు, నువ్వా?"

మధ్యాహ్నం కుంచెల వంతు.
ఇసుకలో వేలికి అలుపు లేదు. కుంచెకు ఉంది.
జానెడు పోయేసరికి పొడిబారుతుంది.
ముంచాలంటే ఎత్తాలి.
ఎత్తకూడదు.
పెద్దపిల్లలు ఎత్తారు, ముంచారు,
ఎవరూ చూడనట్టు అతికించారు.
లెయిని, తొమ్మిదేళ్ళది, రెక్క మధ్యలో ఆగింది.
నోట్లో కథ ఇంకా సగం.
ఎడంచేత్తో తన తాగేనీళ్ళ సీసా వంచి
బొట్టు బొట్టుగా కుంచె మీదే పోసుకుంటూ
కదిలింది.
నీలం పలచబడి, పలచబడి, తెల్లబోయింది.
దాని గొంతు మాత్రం తగ్గలేదు.
"అల దగ్గర కొంగకు దాహమేసింది.
ఈ కొంగకైతే నీళ్ళున్నాయి" అని
కథలో లేని మాట ఒకటి కలిపింది.
తాత తలూపాడో, ఈగను తోలుకున్నాడో.

సాయంత్రం తీగ మీద ఆరేశాను.
ఇరవై మూడు కొంగలు. ఒక సగం కొంగ.
నా రిజిస్టరులో రెండే గడులు:
పూర్తయినవి, పూర్తికానివి.

రాత్రి ఆ కాగితాన్ని లాంతరు పక్కన ఏటవాలుగా పట్టుకుంటే
నీళ్ళు నడిచిన మేరా
చలికి లేచిన చర్మంలా ఉబ్బి ఉంది.
వేలు పెట్టాను.
ఎత్తకుండా వెళ్ళాను, పీత బొరియ, దిబ్బ, అల,
ఎక్కడో గోరుకు మొదలు తగిలింది.
ఇక్కడెవరో ఉన్నారే.

పడుకునే ముందు కుంచెలు లెక్కపెట్టాను.
ఇరవై మూడు.
ఇంకోసారి లెక్కపెట్టలేదు.