రెండు వందల మీటర్లు

టేపు ఒక కొస చర్చి గడపకి ఆనించి
రెండో కొస పట్టుకుని
నా పుస్తకాల కొట్టు దాకా నడిచొచ్చాడు ఇన్‌స్పెక్టరు.
నూట తొంభై మూడు.
ఏడు మీటర్ల నేరం నాది.

తీసా నది మీంచి గాలి. టేపు వణుకుతోంది.
"పిరోష్కా గారూ, వీటికి ప్లాస్టిక్ తొడగాలి,
పిల్లల కోసం" అన్నాడు నా కళ్ళలోకి చూడకుండా.
పద్నాలుగేళ్ళప్పుడు ఈ నిచ్చెన మెట్టు మీదే
ముడుచుకు కూచుని చదువుకున్న పిల్లాడే వీడు.

టీవీలో మంత్రిగారు కుటుంబం గురించి చెబుతూనే ఉన్నారు.
మూడో పెళ్ళి ఉంగరం మెరుస్తోంది.
నాకేం అభ్యంతరం లేదు,
మూడు కాకపోతే ముప్ఫై చేసుకోమనండి.
మా మేడ మీద అద్దెకుండే ఇద్దరాడవాళ్ళ
ఒక్క కాపురం ఆయనకెందుకు బరువైందో
అదొక్కటే అర్థం కాదు.

మా నాన్న రోజుల్లో ఎర్రజెండా వాళ్ళొచ్చి
బల్ల కింద వెతికేవాళ్ళు.
ఇప్పుడు మెళ్ళో శిలువ వేసుకుని వస్తున్నారు.
వెతికే చేతులు అవే. అదే పొడి దగ్గు.

మంత్రిగారి ప్రసంగాల సంపుటి కూడా అమ్ముతాను.
కిటికీలో, ముందు వరసలో,
తొడుగు లేకుండా.
ఎవరైనా తెరవొచ్చు, నవ్వొచ్చు, నమ్మనూవచ్చు.
"దీనికీ తొడగమంటావా బాబూ?" అన్నాను.
అతను టేపు చుట్టుకుంటున్నాడు,
చుట్టుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రం ఫాదర్ బెనెడెక్ వచ్చి
టమాటా పెంపకం మీద పుస్తకం కొన్నాడు.
చిల్లర లెక్కపెట్టుకుంటూ మెల్లగా చెవిన వేశాడు:
"మా వెనక తలుపు నుంచి కొలిస్తే
రెండు వందల పదకొండు వస్తుందమ్మా."